ప్రీసీజన్ మ్యాచ్‌లను దండగ అనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ స్పోర్ట్స్ పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ మీద ఒక వ్యాసం వేశారు. ఫైనల్ మ్యాచ్ అయిన సూపర్ బౌల్ రోజు తప్ప మన పేపర్లలో ఈ ఆట ఊసే ఉండదు కాబట్టి చూడగానే సంతోషమేసింది, చేతిలో పని పక్కన పెట్టి మరీ చదివాను. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. అసలు సీజన్‌కి ముందు ఆగస్టులో జరిగే ప్రీసీజన్ మ్యాచ్‌లు ఎవరికీ పనికిరాని దండగ అని, వాటిని తగ్గించి అసలు సీజన్ పెంచితే బాగుంటుందని రాశారు. ఈ మాట మీ విలేకరి గారు ఒక్కరే అనడం లేదు, ఇక్కడ టెక్సాస్‌లో మా ఆఫీసులో కూడా సగం మంది ఇదే అంటారు, స్కోరు లెక్కలోకి రాదు, పెద్ద ఆటగాళ్లు ఆడరు, ఇంకెందుకు చూడటం అని. చదివి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మేం ఫ్రిస్కోలో ఉంటాం. డాలస్ కౌబాయ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు హెడ్డాఫీసు, ప్రాక్టీస్ గ్రౌండు మా ఊళ్లోనే ఉన్నాయి. అయితే నాకు ఈ ఆట ఓనమాలు నేర్పింది మా అబ్బాయి హైస్కూల్ టీం. మావాడు కాలేజీకి వెళ్లాక ఆట మానేశాడు, వాడితో పాటు ఆడిన ఒక స్నేహితుడు మానలేదు. ఆ పిల్లాడి పేరు గానీ, తర్వాత వాణ్ని తీసుకున్న జట్టు పేరు గానీ ఇక్కడ రాయను. శుక్రవారం రాత్రి మ్యాచ్ అయ్యాక నలుగురైదుగురు పిల్లలు మా ఇంటికే వచ్చి పడేవారు, వాళ్లలో వాడొకడు. మిగతా తెలుగు పిల్లలు పిలవడం విని నన్ను ఆంటీ అనడం అలవాటు చేసుకున్నాడు, ఇప్పటికీ అలాగే పిలుస్తాడు. కార్నర్‌బ్యాక్‌గా ఆడేవాడు, అంటే అవతలి జట్టులో బంతి అందుకునే రిసీవర్‌ని నీడలా వెంటాడే పని. పెద్ద యూనివర్సిటీలేవీ పిలవలేదు, ఒక చిన్న కాలేజీలో నాలుగేళ్లు ఆడాడు, డ్రాఫ్ట్‌లో వాడి పేరు రాలేదు.

డ్రాఫ్ట్‌లో పేరు రాని కుర్రాళ్లని మీ వ్యాసంలో ఫెయిలైనవాళ్లు అన్నారు, అది సరికాదు. ఐపీఎల్ వేలం చూసేవాళ్లకి ఇది సగం అర్థమవుతుంది, మిగతా సగం వేరు. ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఏప్రిల్ చివర్లో మూడు రోజుల పాటు, ఏడు రౌండ్లలో, వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకుంటాయి. 2025లో మొత్తం 257 మంది పేర్లు పిలిచారు. 1992 దాకా పన్నెండు రౌండ్లు ఉండేవి, 1994 నుంచి ఏడే. అంటే పాత రోజుల్లో తొమ్మిదో రౌండులోనో పదో రౌండులోనో పేరు వినిపించే స్థాయి కుర్రాడు ఇవాళ అన్‌డ్రాఫ్టెడ్ అనిపించుకుంటున్నాడు, అంతేగానీ వాడికి ఆట రాక కాదు. శనివారం సాయంత్రం ఏడో రౌండు ముగిసీ ముగియకముందే జట్ల నుంచి ఏజెంట్లకి ఫోన్లు మొదలవుతాయి, ఆ రాత్రికి రాత్రే వందల మందికి మాట ఖాయమైపోతుంది. ఏడో రౌండు చివర్లో పిలిపించుకోవడం కన్నా అసలు పిలవకపోవడమే మేలని అనే ఏజెంట్లు కూడా ఉన్నారు, ఎందుకంటే డ్రాఫ్ట్ అయితే పిలిచిన జట్టుకే వెళ్లాలి, కాకపోతే మన స్థానంలో ఎవరికి మనుషులు తక్కువున్నారో చూసుకుని అక్కడికి వెళ్లొచ్చు. మా పిల్లాడికి రెండు జట్ల నుంచి ఫోన్ వచ్చింది. ఏ జట్టులో కార్నర్‌బ్యాక్‌లు తక్కువో చూసుకుని రెండోదానికి సరేనన్నాడు.

మూడేళ్ల కాంట్రాక్టు అని వాళ్లమ్మ ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. నేనూ మూడేళ్లు ఢోకా లేదనే అనుకున్నాను. తర్వాత తెలిసింది అసలు సంగతి. 2025లో మొట్టమొదట పిలిచిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) కామ్ వార్డ్‌కి నాలుగేళ్లకి 4 కోట్ల 80 లక్షల డాలర్ల పైనే రాసిచ్చారు, అదంతా గ్యారంటీ సొమ్ము. అన్‌డ్రాఫ్టెడ్ కుర్రాడికి మూడేళ్లన్నది కాగితం మీది మాట. సంతకం పెట్టినప్పుడు ఇచ్చే బోనస్ చాలామందికి కొన్ని వేల డాలర్లకి మించదు, పైగా ఒక్కో జట్టు ఇలాంటి కుర్రాళ్లందరి బోనస్‌లకీ కలిపి ఎంత ఖర్చు పెట్టొచ్చో దానికీ లీగ్ ఒక హద్దు పెట్టింది. క్యాంపులో ఉన్నన్నాళ్లూ వారానికింత అని చిన్న భత్యం. అసలు జీతం, అంటే 2025 లెక్కన కొత్తవాడికి కనీసం 8 లక్షల 40 వేల డాలర్లు, సీజన్ మొదలయ్యేనాటికి 53 మంది జాబితాలో పేరుంటేనే. పేరు లేకపోతే అందులో ఒక్క డాలరు కూడా రాదు.

ఇప్పుడు ఆ 53 సంగతి. జూలై చివర్లో క్యాంపు మొదలయ్యేటప్పుడు జట్టుకి 90 మంది ఉంటారు. ఆగస్టు చివర్లో ఒక మంగళవారం సాయంత్రానికి 53కి దించాలి, 2025లో అది ఆగస్టు 26. జట్టుకి 37 మంది చొప్పున 32 జట్లకి లెక్కేస్తే 1,184. వీళ్లలో చాలామందిని ఆ చివరి రెండు మూడు రోజుల్లోనే పంపిస్తారు. ఈ సంఖ్య మొదటిసారి వేసుకున్నప్పుడు నాకు కాసేపు మాట రాలేదు, 1,184 మంది, అందరూ చిన్నప్పటి నుంచీ వాళ్ల ఊళ్లో, వాళ్ల స్కూల్లో అందరికన్నా బాగా ఆడినవాళ్లే.

క్యాంపులో కొత్త కుర్రాడికి దొరకనిది ఆడే అవకాశమే. ప్రాక్టీసులో ఒక్కోసారి బంతి ఆడటాన్ని రెప్ అంటారు, ఆ రెప్‌లలో ఎక్కువ భాగం మొదటి వరసలో ఉన్న పెద్ద ఆటగాళ్లకే వెళ్తాయి, వాళ్లు సీజన్‌కి సిద్ధం కావాలి కాబట్టి కోచ్‌లను తప్పు పట్టలేం. నాలుగో వరసలో ఉన్న అన్‌డ్రాఫ్టెడ్ పిల్లాడు పక్కన నిలబడి చూస్తూ మనసులోనే ఆడుకోవాలి. వచ్చిన నాలుగైదు రెప్‌లలో ఒక్కసారి కాలు జారినా, ఎవర్ని కాయాలో ఒక్కసారి పొరబడినా రాత్రి వీడియోలో కోచ్‌లందరూ చూస్తారు. ఇలాంటివాళ్లని క్యాంప్ బాడీ అంటారు, అంటే ప్రాక్టీసుకి మనుషులు సరిపోవాలని తెచ్చుకున్న శరీరం. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు చాలా బాధేసింది. ఆ పిల్లాడు మాత్రం ఏమీ అనుకోకుండా, మామూలు మాటలాగే చెప్పాడు.

వీళ్లకి జట్టులోకి దారి చాలాసార్లు స్పెషల్ టీమ్స్ మీదుగా ఉంటుంది. కికాఫ్, పంట్ లాంటి, బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే బృందాలవి, వాటిలో పెద్ద ఆటగాళ్లని దించరు, దెబ్బలు తగులుతాయని. పంట్ కొట్టేటప్పుడు అందరికీ దూరంగా, గీత పక్కన ఒంటరిగా నిలబడే ఆటగాణ్ని గన్నర్ అంటారు, బంతి కొట్టగానే ఇద్దరు అడ్డుకునేవాళ్లని తప్పించుకుని మైదానమంతా పరుగెత్తి అవతల బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టాలి. మా పిల్లాడు కాలేజీలో ఎప్పుడూ చేయని పని అది. క్యాంపులో మొదటి వారంలోనే నేర్చుకున్నాడు, అదొక్కటే తలుపు తెరిచి ఉందని వాడికి తెలిసింది.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది. ప్రాక్టీసులో ఎంత బాగా ఆడినా ఆ వీడియో చూసేది సొంత జట్టు కోచ్‌లే. ప్రీసీజన్ మ్యాచ్ వీడియోని 32 జట్లూ చూస్తాయి. అక్కడ పెద్ద ఆటగాళ్లు మొదట్లో కాసేపు ఆడి తప్పుకుంటారు, కొందరు అసలు దిగరు. మూడో క్వార్టర్, నాలుగో క్వార్టర్ వచ్చేసరికి జనం కార్ల దగ్గరికి వెళ్లిపోతుంటారు, సరిగ్గా అప్పుడే వీళ్లు మైదానంలోకి దిగుతారు. ఎదురుగా ఉన్నవాళ్లు కూడా వీళ్లలాంటి వాళ్లే, ఆ చివరి ఒకటి రెండు చోట్ల కోసం కొట్లాడేవాళ్లే. మీకు దండగ అనిపించిన ఆ గంట వాళ్లకి ఉద్యోగ ఇంటర్వ్యూ, ఒకేసారి 32 కంపెనీల ముందు.

విక్టర్ క్రూజ్ సంగతి చూడండి. న్యూజెర్సీలోని ప్యాటర్సన్ కుర్రాడు, మసాచుసెట్స్ యూనివర్సిటీలో ఆడాడు, 2010లో ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. న్యూయార్క్ జెయింట్స్ క్యాంపుకి వెళ్లాడు. ఆ ఆగస్టులో జెట్స్ మీద మొదటి ప్రీసీజన్ మ్యాచ్‌లో 6 క్యాచ్‌లు, 145 గజాలు, 3 టచ్‌డౌన్లు (బంతిని అవతలి చివరి గీత దాటించడం). ఒక్క రాత్రి, అదీ స్కోరు లెక్కలోకి రాని మ్యాచ్‌లో. ఆ తర్వాత వాణ్ని వదిలేసే ధైర్యం జట్టుకి లేకపోయింది. మరుసటి ఏడాది 1,536 గజాలు ఆడి, ఆ సీజన్ చివర జెయింట్స్ గెలిచిన సూపర్ బౌల్‌లో కూడా ఒక టచ్‌డౌన్ పట్టాడు. ఆ మొదటి రాత్రి లేకపోతే క్రూజ్ ఏమయ్యేవాడో మీరే ఊహించుకోండి.

గాయాల మాట ఎత్తుతారు, తెలుసు. ఆ మాట నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. 2016లో మా కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమోకి సియాటిల్‌లో ప్రీసీజన్ మ్యాచ్‌లోనే వెన్నెముక దెబ్బతింది, ఆ చోటు మళ్లీ ఆయనకి దక్కలేదు. ఆ రోమో కూడా 2003లో డ్రాఫ్ట్ కానివాడే, మూడేళ్లు బెంచీ మీద కూర్చుని 2006లో మొదటిసారి స్టార్ట్ చేసినవాడు. 1999లో రామ్స్ జట్టులో ట్రెంట్ గ్రీన్ మోకాలు పోయింది కూడా ప్రీసీజన్‌లోనే, ఆయన స్థానంలో దిగినవాడు కర్ట్ వార్నర్. 1994లో ప్యాకర్స్ క్యాంపు నుంచి పంపేస్తే రాత్రి షిఫ్టుల్లో కిరాణా స్టోర్లో అరల్లో సరుకులు సర్దిన మనిషి, ఇండోర్ లీగ్‌లో, తర్వాత యూరప్ లీగ్‌లో ఆడి వచ్చిన మనిషి, ఆ 1999 సీజన్‌లోనే లీగ్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు, సూపర్ బౌల్ గెలిచాడు. ఒకరికి అన్యాయం జరిగిన చోటే ఇంకొకరికి తలుపు తెరుచుకుంది, అందుకే దీన్ని ఒకవైపు నుంచే చెప్పడం నాకు చేతకాదు. అయితే పెద్ద ఆటగాళ్ల గాయాలకి మందు వాళ్లని దించకపోవడం, చాలా జట్లు ఇప్పటికే ఆ పని చేస్తున్నాయి. దానికోసం మ్యాచ్ మొత్తాన్నే తీసేయక్కర్లేదు.

ఇంకొకటి చెబుతారు, ఇప్పుడు రెండు జట్లు కలిసి జాయింట్ ప్రాక్టీసులు పెట్టుకుంటున్నాయి కదా, అవి చాలు అని. మొదటి వరస ఆటగాళ్లకి అవి మ్యాచ్ కన్నా మేలు, ఒప్పుకుంటాను. కానీ అక్కడా ఎక్కువ రెప్‌లు వాళ్లవే. పైగా అది ఆ రెండు జట్ల కోచ్‌ల కళ్లముందు జరిగే వ్యవహారం. సీజన్ టికెట్ కొన్నవాళ్లతో ఈ మ్యాచ్‌లకి కూడా డబ్బు కట్టించుకుంటారు, అది మాత్రం నాకూ కోపమే, ఆ ధర తగ్గించమని రాయండి, నేనూ సంతకం పెడతాను.

1978 నుంచి సీజన్‌కి 16 మ్యాచ్‌లు, ప్రీసీజన్‌కి నాలుగు ఉండేవి. 2020లో కోవిడ్ వల్ల ప్రీసీజన్ మొత్తం రద్దయింది. ఆ ఏడాది కూడా జాక్సన్‌విల్‌లో జేమ్స్ రాబిన్సన్ అనే అన్‌డ్రాఫ్టెడ్ కుర్రాడు ఒక్క ప్రీసీజన్ మ్యాచ్ ఆడకుండానే జట్టులోకి వచ్చి 1,070 గజాలు పరుగెత్తాడు, ఆ సంగతి దాచను. కానీ అతను సొంత కోచ్‌లకి నచ్చాడు. సొంత కోచ్‌లకి నచ్చనివాళ్లకి, వాళ్ల జట్టులో చోటే లేనివాళ్లకి ఆ ఏడాది చూపించుకోవడానికి ఏమీ లేదు. 2021లో సీజన్ 17 మ్యాచ్‌లు అయింది, ప్రీసీజన్ మూడుకి తగ్గింది. ఇప్పుడు 18, రెండు అంటున్నారు. లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ ఆ ఆలోచన తనకి ఇష్టమేనని బహిరంగంగానే చెప్పారు. ఇప్పుడున్న ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది, ఆటగాళ్ల సంఘం ఒప్పుకోకుండా 18వ మ్యాచ్ పెట్టడానికి లేదు. కానీ ఆ బేరంలో కూర్చునేది ఎవరు? ఇప్పటికే జట్టులో ఉన్నవాళ్లు. వాళ్లకి ఇంకో మ్యాచ్ అంటే ఇంకొంత డబ్బు, ఇంకొన్ని దెబ్బలు, దాని గురించే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. ఆ మూడో ప్రీసీజన్ మ్యాచ్ పోతే నష్టపోయేవాడు ఇవాళ ఏ చిన్న కాలేజీలోనో రెండో ఏడాది చదువుతుంటాడు, ఇంకా ఆ సంఘంలో సభ్యుడే కాడు. వాడి తరఫున ఆ గదిలో ఎవరూ ఉండరు. నన్ను ఈ ఉత్తరం రాయించింది ఇదే.

మా పిల్లాడి మూడు మ్యాచ్‌లూ మేం ఇంట్లో కూర్చుని చూశాం. మొదటిదాంట్లో వాడు మైదానంలో ఎంతసేపున్నాడో మాకు సరిగ్గా కనిపించను కూడా లేదు. రెండోదాంట్లో వాడి మీదుగా పెద్ద పాస్ ఒకటి వేసి టచ్‌డౌన్ కొట్టారు, మా అబ్బాయి రిమోట్ సోఫా మీదకి విసిరేశాడు, నేను వాళ్లమ్మకి ఫోన్ చేయలేకపోయాను. మూడోదాంట్లో గన్నర్‌గా దిగి పంట్ పట్టుకున్నవాణ్ని పట్టుకున్నచోటే పడగొట్టాడు, చివర్లో ఒక పాస్‌ని చేత్తో కొట్టేశాడు. ప్రీసీజన్‌లో 90 మందికి నంబర్లు చాలక ఒకే నంబరు ఇద్దరికి ఇస్తారు, కామెంటేటర్ ఆ రెండోవాడి పేరు చెప్పాడు. మా ఇంట్లో అందరం టీవీ మీద అరిచాం, వాడు కాదు, మావాడు అని.

మంగళవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. కోచ్ పిలుస్తున్నారు, నీ ట్యాబ్లెట్ తీసుకుని రా అన్నారు. ఆటల పుస్తకం ఆ ట్యాబ్లెట్‌లోనే ఉంటుంది, అది తెమ్మంటే అర్థం అందరికీ తెలుసు. జట్టు నుంచి తీసేశాక ఒక రోజు పాటు మిగతా జట్లలో ఎవరైనా తీసుకోవచ్చు, వేవర్స్ అంటారు. ఆ 24 గంటల టెన్షన్ నేను మాటల్లో చెప్పలేను, పేరు పేరునా దేవుళ్లందరికీ దణ్ణం పెట్టాను. ఎవరూ తీసుకోలేదు. ప్రతి జట్టుకీ 16 మందితో ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంటుంది, మ్యాచ్‌లలో ఆడకపోయినా రోజూ జట్టుతో పనిచేస్తారు, 2025లో కొత్తవాళ్లకి వారానికి 13 వేల డాలర్లు. అందులోకీ పిలవలేదు. ఇంటికి వచ్చేశాడు. మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు కానీ ఆ రోజు మేం ఎవ్వరం ఫుట్‌బాల్ మాట ఎత్తలేదు.

ఏడు వారాల తర్వాత వేరే జట్టులో ఒక కార్నర్‌బ్యాక్‌కి తొడ కండరం పట్టేసింది. ఆ జట్టు వాళ్లు మా పిల్లాణ్ని ట్రయల్‌కి పిలిచి, ఆ సాయంత్రమే ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకున్నారు. వాణ్ని పిలిచిన స్కౌట్ చెప్పాడట, ఆగస్టులో మూడో మ్యాచ్‌లో పంట్ దగ్గర నువ్వు చేసిన టాకిల్ చూసి పేరు రాసుకున్నాం అని. మూడో మ్యాచ్. రెండోదాంట్లో టచ్‌డౌన్ ఇచ్చేసిన పిల్లాడికి మూడోది లేకపోయి ఉంటే వాడి గురించి లీగ్ దగ్గర మిగిలేది ఆ ఒక్క పొరపాటే.

వాడు ఆ సీజన్ అంతా ఉన్నాడు. మరుసటి ఆగస్టులో ఆ జట్టు కూడా తీసేసింది. ఇప్పుడు మా పక్క ఊళ్లో ఒక స్కూల్లో పిల్లలకి పాఠాలు చెబుతూ, పొద్దున్నే గ్రౌండులో పరుగెత్తుతూ వసంతకాలంలో జరిగే యూఎఫ్‌ఎల్ లీగ్ కోసం ప్రయత్నిస్తున్నాడు. ఆ దారిలో వచ్చినవాళ్లు ఉన్నారు. మా పక్కనే ప్లేనోకి చెందిన బ్రాండన్ ఆబ్రీ సాకర్ ఆడి, అది వదిలేసి సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేసి, అలాంటి లీగ్‌లోనే రెండేళ్లు బంతి కొట్టి 28 ఏళ్ల వయసులో కౌబాయ్స్‌లోకి వచ్చాడు, వచ్చీ రాగానే వరసగా 35 ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం) ఒక్కటీ తప్పకుండా కొట్టి రికార్డు పెట్టాడు. మావాడికి కూడా అలాగే అవుతుందని నేను అనడం లేదు. వాళ్లమ్మ ఆశ పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను.

మీ విలేకరి గారికి రెండు విన్నపాలు. ఫెయిలైనవాళ్లు అన్న మాటని దయచేసి సవరించండి. రెండోది, ఈసారి ఆగస్టులో ఏదైనా ఒక ప్రీసీజన్ మ్యాచ్ నాలుగో క్వార్టర్ చూడండి, మీకు తెల్లవారుజామున వస్తుంది. పంట్ కొట్టే ముందు గీత పక్కన ఒంటరిగా నిలబడే కుర్రాడి నంబరు రాసుకోండి, ఆ నంబరుతో ఇద్దరుంటే వాడెవడో సరిచూసుకుని, వాడు ఏ ఊరి నుంచి వచ్చాడో, ఏ కాలేజీలో ఆడాడో, ఆ తర్వాతి మంగళవారం వాడికి ఏమైందో రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఫ్రిస్కో, టెక్సాస్